మేం పాతిన తెల్లరాళ్లు

అడవిలో దారికి రంగు వెయ్యాలంటే అడవి గురించి తెలియక్కర్లేదు, హైదరాబాద్ గురించి తెలిస్తే సరిపోతుంది. నాంపల్లి స్టేషన్ ఎదురు సందులోని ఇరానీ హోటల్లో ఒక శనివారం సాయంత్రం నాకీ సంగతి అర్థమైంది. గుట్టల్లో మేం బాగుచేస్తున్న కాలిబాట పొడవునా గుర్తులు పెట్టాలి, ఏ రంగుతో పెట్టాలన్నది ప్రశ్న. కాషాయం అనగానే ఒకరు చాయ్ కప్పు కింద పెట్టేశారు. ఆకుపచ్చ అనగానే ఇంకొకరు పెట్టేశారు. గులాబీ ఒక పార్టీది, పసుపు ఇంకో పార్టీది, నీలం మరొకరిది, ఎరుపు సంగతి చెప్పనే అక్కర్లేదు. "ఊదా రంగు ఎవ్వరిదీ కాదు కదా" అన్నాను. నిజమే, ఎవ్వరిదీ కాదు. కానీ నల్లరాయి మీద ఊదా రంగు కనబడాలంటే ముందు మా షాపుకొచ్చి కళ్లజోడు చేయించుకోవాలి. ఆఖరికి తెలుపు మిగిలింది. తెలుపు ఎవ్వరినీ నొప్పించదని అందరూ ఒప్పుకున్నారు. ఆ టేబుల్ దగ్గర ఏకగ్రీవంగా జరిగిన తీర్మానం నాకు తెలిసి అదొక్కటే. మా కొంప ముంచిందీ అదే.

మేం అంటే ఎవరో చెప్పాలి. వికారాబాద్ వైపు గుట్టల మీదుగా నాలుగు రోజులు నడిచేంత పొడవున ఒక పాత కాలిబాట ఉంది. ఒకప్పుడు సంతకు పోయేవాళ్లు, గొర్లు తోలుకునేవాళ్లు దాని మీదే తిరిగేవారట. బస్సులొచ్చాక వాళ్లు మానేశారు, లంటానా పొదలు మానలేదు. ఇప్పుడు పట్నం నుంచి వీపుకు సంచులు తగిలించుకుని సరదాగా నడిచేవాళ్లు వస్తున్నారు. వాళ్లు నడవాలంటే ఎవరో ఒకరు పొదలు కొట్టాలి, వానకు కొట్టుకుపోయిన చోట రాళ్లు పేర్చాలి, పడ్డ చెట్టును పక్కకు లాగాలి. ఆ ఎవరో ఒకరం మేమే. జీతం లేదు, ఆదివారం ఉంది. వారమంతా ఆబిడ్స్‌లో ఒక కళ్లజోళ్ల షాపులో నిలబడి "ఈ అద్దం బాగుందా, ఈ అద్దం బాగుందా" అని అడుగుతాను. ఆదివారం కొడవలి పట్టుకుంటాను. మా అమ్మ మొదటి వారమే తేల్చేసింది: "ఇంట్ల చీపురు పట్టవు గానీ, అడివి ఊడ్వబోతవా?"

ఈ పనిలో గొప్పతనం ఏమైనా ఉందేమో అని మొదట్లో వెతికాను. లంటానాను ఈ వారం మొదలంటా నరికితే, వచ్చే నెలకు అది మనల్ని గుర్తుపట్టి మరీ పెరుగుతుంది. బాగుచేసిన చోటే నడిచేవాళ్లు కూర్చుని బిస్కెట్ కాగితాలు వదిలేస్తారు, కూర్చోడానికి బాగుంది కాబట్టి. మాలోనే ఫొటో బ్యాచ్ ఒకటుంది. కొత్త చేతి తొడుగులు వేసుకుని, కొడవలి ఎత్తి, ఫొటో దిగి, ఆ తర్వాత నీడ వెతుక్కుంటారు. కొడవలి ఎప్పుడూ దిగదు, ఫొటోలో అలా ఎత్తే ఉంటుంది.

దీన్నంతా మొదలుపెట్టింది అక్క. సొంత అక్క కాదు, అందరికీ అక్కే. మా షాపుకు దగ్గర్లోని దవాఖానలో నర్సు. ఆమె పుట్టిన ఊరు ఈ బాటకు సరిగ్గా నడుమ ఉంటుంది. అటు గుట్టలు, ఇటు గుట్టలు, మధ్యలో చదునుగా ఊరి పొలాలు. బాట ఆ పొలాల గట్ల వెంట పోవాలి. ఆ ఊరు కాదంటే మా దారి రెండు ముక్కలు. ఊరు ఊరికే ఒప్పుకోలేదు. అక్క వాళ్ల అన్న అక్కడే వ్యవసాయం చేస్తాడు. చెల్లెలి మాట మీద ఆయన ఊరందరినీ కూర్చోబెట్టి పూచీ పడ్డాడు. అక్క ఆ రోజు అందరి ముందు చెప్పిన మాట మాకు ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు.

"ఒక్క అంగుళం భూమి ఎవ్వరిది పోదని చెప్పిన. నడిచేటోళ్లు నడుస్తరు, పోతరు. మా అన్న నన్ను నమ్మిండు. గది యాదుంచుకొని పని చెయ్యున్రి."

యాదుంచుకున్నాం. అందుకే చాలా శ్రద్ధగా పని చేశాం. శ్రద్ధ అంతా మా పెద్దాయనది. ఆయన రైల్వేలో పట్టాల పని చూసి రిటైరయ్యాడు. వాళ్ల నాన్నగారి కాలంలో కోస్తా నుంచి వచ్చి నాంపల్లిలో స్థిరపడ్డ కుటుంబం. మనిషి బంగారం. కానీ వంకరగా ఉన్నదేదీ చూడలేడు. గోడ మీద క్యాలెండర్ పక్కకు వాలితే చాయ్ తాగడం ఆపి లేచి సరిచేసి వస్తాడు. గుట్టల మీద బండలుంటాయి కాబట్టి వాటి మీద తెల్ల బాణం గీస్తే చాలు. పొలాల దగ్గర బండల్లేవు, చెట్లు కూడా లేవు. దాంతో వాగులోంచి మోకాలెత్తు రాళ్లు తెచ్చి గట్ల పక్కన పాతుదామన్నాడు ఆయన. పాతుదాం సరే. టేపు ఎందుకు తెచ్చాడో అప్పుడు అడగాల్సింది.

"సమాన దూరం ఉండాలండీ. ఒక రాయి దగ్గర నిలబడితే రెండో రాయి కనబడాలి. వరస తప్పకూడదు" అన్నాడు. తాడు కట్టాడు. ఒక కన్ను మూసి చూశాడు. "ఆ మూడోది కొంచెం ఎడమకి జరుపు బాబూ." జరిపాను. "నంబర్లు కూడా వెయ్యాలి. మనిషి కాలు బెణికి పడిపోతే, ఫోన్లో ఎక్కడున్నానని చెప్పడానికి ఏదో ఒక నంబరు ఉండాలి కదండీ?"

న్యాయంగానే ఉంది. అక్కకు ఆ ఆదివారం డ్యూటీ పడింది, రాలేదు. సాయంత్రానికి పొలాల మధ్య తెల్లటి రాళ్లు, సమాన దూరంలో, తాడు పట్టినట్టు వరసగా, నల్ల నంబర్లతో మెరిసిపోతున్నాయి. ఫొటో బ్యాచ్ కూడా నిజంగా పని చేసిన రోజది. పెద్దాయన చివర నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని, చాలాసేపు చూసుకున్నాడు.

తర్వాతి శనివారం హోటల్లో ఆ గొప్పే చెప్పుకుంటున్నాం. ఊరికి ఉత్తరం దిక్కు రాళ్లు మొత్తం పడ్డాయని, నంబర్లు కూడా వేసేశామని, ఇక దక్షిణం దిక్కు మిగిలిందని. పక్క టేబుల్ దగ్గర రెండు ఫోన్లు పెట్టుకుని కూర్చున్న ఒకాయన కుర్చీ మా వైపు జరిపాడు.

"అన్నా, గజం ఎంత పెడుతున్రు?"

"అమ్ముతలేమన్నా. నడుస్తున్నం."

"మొదలు అందరు గట్లనే అంటరు" అని నవ్వి, తన కార్డు నా చాయ్ సాసర్ పక్కన పెట్టాడు. "మూల బిట్టు ఉంటే నాకే చెప్పున్రి, జర."

ఆయన పోయాక కడుపుబ్బ నవ్వాం. పెద్దాయనకైతే కళ్లలో నీళ్లొచ్చాయి. ఒక మనిషి వచ్చి మా దగ్గర కూర్చుని, మేం ఏం చేశామో మాకు అరటిపండు ఒలిచినట్టు చెప్పి వెళ్లాడు. మేం ఉస్మానియా బిస్కెట్లు ఇంకో ప్లేటు చెప్పాం.

మంగళవారం మధ్యాహ్నం అక్క మా షాపుకొచ్చింది. డ్యూటీ బట్టల్లోనే ఉంది. నేను ఒక పెద్దమనిషి ముక్కు మీద పరీక్ష ఫ్రేము పెట్టి, అక్షరాలు చదివిస్తున్నాను. అక్క స్టూలు మీద కూర్చుని ఫోన్లో వాళ్ల అన్న పంపిన మాట వినిపించింది.

"ఊరంత నా ఇంటి ముంగట నిలవడ్డది. నీ చెల్లె పట్నంల ఎవల్నో కంపెనీని పట్టుకున్నది, రాళ్లేసి భూములు ప్లాట్లు చేసింది అంటున్రు. రోడ్డుకని అప్పుడు గిట్లనే తెల్లరాళ్లు పాతలేదా? ఉత్తగ కొలుస్తున్నం అనలేదా? మన బాయి కాడి మడి పోయింది మరిచినవా? నేను పూచీ వడ్డ. ఇప్పుడు నా ముఖం ఏడ పెట్టుకోవాలె? నాకు ఇగ ఫోన్ చెయ్యకు."

ఒక కంటికి అద్దం, ఇంకో కంటికి నల్ల మూత ఉన్న ఆ పెద్దమనిషి తల అక్క వైపు తిప్పి, "భూమి సంగతి జర పైలంగ చూసుకో బిడ్డా" అన్నాడు.

"గంత శుభ్రంగ పాతమని ఎవరు చెప్పిన్రు మీకు?" అంది అక్క. "నంబర్లు గూడ ఏసిన్రట కదా?"

"కాలు బెణికితే చెప్పడానికక్కా."

"ఊరి మెడ విరిగింది. ఆ నంబరు ఎవలికి చెప్పాలె?"

నేను పెద్దమనిషి ముక్కు మీది ఫ్రేము తీసి డబ్బాలో పెట్టాను. పార్టీల రంగులన్నీ ఏరి పక్కన పెట్టిన మేధావులం, ఊళ్లో రైతు వణికిపోయే ఒకే ఒక్క రంగును ఎంచి పూశాం. ఊదా రంగు వేసినా బాగుండేది. కనబడకపోయేది, గొడవే ఉండేది కాదు.

ఆ శనివారం సభ గురించి తలుచుకుంటే ఇప్పటికీ నాకు నెత్తి గోక్కోవాలనిపిస్తుంది. ఫొటో బ్యాచ్‌లో ఒకాయన ఊళ్లో అవగాహన సదస్సు పెడదామన్నాడు. బ్యానర్ కూడా మనసులో రాసేసుకున్నాడు. ఇంకొకరు రాళ్ల మీద బాణం ఇంకా పెద్దగా గీస్తే అర్థమవుతుందన్నారు. పెద్దాయన ముఖం చిన్నబోయి ఉంది.

"అవి దారి రాళ్లండీ, హద్దురాళ్లు కావు. నేనొచ్చి వాళ్లకు వివరంగా చెప్తాను."

"సార్, మీరు టేపు పట్టుకొని వివరంగ చెప్తే, భయానికి ఉన్న ఇల్లు గూడ రాసిస్తరు" అంది అక్క. "ఏం చెప్పొద్దు. రేపు పోయి పీకుడే. బండల మీద ఊరికి కనబడే గీతలు గూడ గీకుడే. ఒక్కటి మిగలొద్దు."

"మరి దారి?" అన్నాను.

"దారి ఉంటే ఉంటది, పోతే పోతది. ముందుగాల నేను ఆ ఊర్లె తలెత్తుకొని నడవాలె కదా."

ఆబిడ్స్‌లో పెయింట్ కొన్న షాపుకే థిన్నర్ కోసం, ఇనుప బ్రష్‌ల కోసం వెళ్లాను. షాపాయన నన్ను గుర్తుపట్టాడు.

"మల్ల పెయింటా?"

"లే అన్నా, తీసేసేది."

"మొన్ననే కదా కొంటపోయిన్రు?"

"ఔ."

"సర్కారు కాంట్రాక్టా?" అన్నాడు గౌరవంగా.

ఆదివారం రైల్లో మేం తక్కువ మందిమి. రాళ్లు పీకే ఫొటోకు లైకులు రావని కాబోలు, ఫొటో బ్యాచ్‌కు ఒకేసారి జ్వరాలొచ్చాయి. ఊళ్లో దిగగానే అక్క ఎవరినీ పలకరించలేదు, ఎవరూ ఆమెను పలకరించలేదు. గట్టు మీద వాళ్ల అన్న నిలబడి ఉన్నాడు. భుజం మీద తువ్వాల, కట్టుకున్న చేతులు. ఆయన పక్కన ఇంకో నలుగురు. మేం మొదటి రాయి దగ్గర గడ్డపార వేశాం.

రాయి కదల్లేదు. పెద్దాయన పాతించిన రాయి మరి. కింద కంకర వేసి, దిమ్మిసతో కొట్టి, రైలు పోయినా కదలకుండా పాతించాడు. ఎండ నెత్తికెక్కుతోంది. ఒక్కో రాయినీ ఇద్దరం పట్టి, చుట్టూ తవ్వి, ఊపి ఊపి లాగాల్సి వచ్చింది. పెద్దాయన వద్దన్నా వినకుండా తనే పార పట్టాడు. మధ్యలో ఆగి, నుదురు తుడుచుకుని, నాకొక్కడికే వినబడేలా అన్నాడు:

"పని బాగా చేశాం బాబూ. అదే వచ్చిన చిక్కు."

లాగిన రాళ్లను మోసుకెళ్లి వాగులో వేశాం. గుంతలు పూడ్చాం. ఊరికి కనబడే బండల మీద గీతలను అక్క థిన్నర్ పోసి, ఇనుప బ్రష్‌తో రుద్దింది. ఆపరేషన్ థియేటర్ గిన్నెలు కూడా అంతలా తోమి ఉండదు. గట్టు మీదున్న నలుగురూ కాసేపటికి పనులకు పోయారు. అన్న మాత్రం కదల్లేదు. మంచినీళ్లు కావాలా అని అడగలేదు. మా సీసాలు అయిపోయాయని నేను ఖాళీ సీసాను రెండుసార్లు గట్టిగా మూత తీసి పెట్టాను. ఆయనకు వినబడింది, నాకు తెలుసు.

పొద్దు వాలాక ఆయన గట్టు దిగాడు. మేం పూడ్చిన గుంతల వెంట నడిచాడు. ఒక్కోచోట ఆగి, మట్టిని కాలితో అదిమి చూశాడు. చివరిదాకా పోయి తిరిగొచ్చి, అక్క ముందు నిలబడ్డాడు.

"అన్ని తీసిన్రు. మరి నడిచేటోళ్లకు దారి ఎట్ల తెలుస్తదే?"

"తెల్వదు" అంది అక్క. బ్రష్ ఇంకా చేతిలోనే ఉంది.

"ఊర్లె అడగమను. మనుషులం లేమా ఈడ?"

అంత మాత్రమే అని ఇంటి వైపు వెళ్లిపోయాడు. వెనక్కి చూడలేదు. ఇప్పుడు లోపల్నుంచి చాయ్ వస్తుందేమో అని నేను కాసేపు ఆశగా చూశాను. రాలేదు. రైలుకు వేళయింది.

అయినా దారి తెగలేదు, అదే మాకు దక్కింది. గుట్టల మీద తెల్ల బాణాలుంటాయి, ఊరు రాగానే ఆగిపోతాయి. ఫోన్లో మేం పెట్టిన పటంలో ఆ చోట "ఇక్కడ ఊళ్లో అడగండి" అని రాశాం. అది రాయడానికి ఇంకో శనివారం పట్టింది. "అడగండి" చాలదు, "దయచేసి" చేర్చాలని పెద్దాయన. ఇక నడిచేవాళ్ల ఫిర్యాదులు మొదలు. గుర్తుల్లేవు, బోర్డుల్లేవు, మీరేం పని చేస్తున్నట్టు అని. ఒక జట్టు ఊరి కిరాణా కొట్టు దగ్గర దారి అడిగితే, అక్కడివాళ్లు ఎంతో ప్రేమగా వెంట నడిచి తీసుకెళ్లి బస్టాండ్లో దింపారు. పట్నపోళ్లు సంచులేసుకుని ఇంకెక్కడికి పోతారు మరి? వాళ్లు పాపం బస్సెక్కి నాంపల్లి వచ్చేసి, నాకు ఫోన్ చేసి తిట్టారు. నేను ఆబిడ్స్‌లో పనిచేస్తాను. జీపీవో ఎటు, బషీర్‌బాగ్ ఎటు అని రోజంతా నన్ను అడుగుతూనే ఉంటారు, ఒక్కరూ తిట్టరు. గుట్టల దారికి మాత్రం అందరికీ బాణం కావాలి.

అక్క మాత్రం నెల రోజులు ఫోన్ వైపు చూస్తూ గడిపింది. అన్న నంబరు తీస్తుంది, మళ్లీ పెట్టేస్తుంది. ఫోన్ చెయ్యకు అన్న మాట ఆమెకు అడ్డం. ఊరి మీదుగా నడిచేవాళ్లు పోతున్నారు గానీ, ఆమె పోలేదు.

ఒక శనివారం హోటల్లో ఆమె ఫోన్ మోగింది. అన్న పేరు చూసి అక్క వెంటనే ఎత్తింది. మేమంతా కప్పులు కింద పెట్టేశాం.

"ఏందే మీవోళ్లు?" ఫోన్ చెవి దగ్గరుంది గానీ ఆయన గొంతు టేబులంతా వినబడుతోంది. "పొద్దు వొడవక ముందే తలుపు కొడుతున్రు! బర్రె పాలు పిండుతుంటే, అంకుల్ దారెటు అంటున్రు. బర్రె బెదిరి బక్కెట తన్నింది. నన్ను అంకుల్ అంటరేందే?"

"చెప్తనే అన్నా, చెప్త" అంది అక్క.

"ఏం చెప్తవ్? నీకు చెప్పేది ఎప్పుడన్న వచ్చిందా?" అని పెట్టేశాడు.

తర్వాతి శనివారం మళ్లీ చేశాడు, ఎవరో కుక్కకు బిస్కెట్లు అలవాటు చేశారని. ఆ తర్వాత, ఎవరో ఆయన బాయి కాడ స్నానం చేశారని. "మా అన్నకు పనీపాటా లేదు, వారం వారం ఇదే లొల్లి" అని అక్క అందరికీ విసుక్కుంటూ చెప్పేది. ఆ విసుగు చెప్పడానికి ఆమె అందరికంటే ముందే హోటల్‌కు వచ్చి కూర్చునేది.

ఒక వారం ఫోన్ రాలేదు. చాయ్ అయిపోయింది, రెండో చాయ్ అయిపోయింది. అక్క ఫోన్ తిప్పి పెట్టింది, మళ్లీ తిప్పింది.

"ఈ వారం ఎవ్వరు నడవలేదా?" అంది నాతో.

"వానలక్కా. ఎవరొస్తరు?"

"అయితే రేపు నువ్ పో. ఫస్ట్ రైలుకు. మా అన్న తలుపు కొట్టి దారి అడుగు."

"నాకు దారి తెలుసక్కా. నరికిందే నేను."

"తెల్వనట్టు అడుగు."

వెళ్లాను. వానలో, పొడి బట్టలన్నీ తడిపేసుకుని, నేనే బాగుచేసిన దారికి దారి అడగడానికి. తలుపు కొట్టాను. ఆయన వచ్చి నన్ను పైనుంచి కింద దాకా చూశాడు.

"అంకుల్, దారెటు?"

"నువ్వు రాళ్లు పీకినోనివి కదా?"

"ఔ."

"పీకినోనికి దారి తెల్వదా?"

నేను ముఖం మీది వాన నీళ్లు తుడుచుకున్నాను. ఆయన చేయి చాపి గట్టు వైపు చూపించాడు. సరిగ్గా నాకు తెలిసిన దారే. నేను తల ఊపి, గట్టు ఎక్కి, పూడ్చిన మొదటి గుంత దాటానో లేదో, వెనకాల ఆయన గొంతు లేచింది. ఫోన్లో.

"ఏమే, గీ సోయిలేని పోరగాన్ని ఏడ దొరకవట్టినవే?"